చూచి నవ్వినవాడు నిర్దోషియా?

స్తెఫనును రాళ్లతో కొట్టిన దినమున సౌలు అను యౌవనుడు రాయి విసరెనని అపొస్తలుల కార్యములలో వ్రాయబడలేదు. కొట్టువారి వస్త్రములయొద్ద అతడు నిలిచియుండెను, అంతే. అయినను ఏండ్లు గడచిన పిమ్మట, ఆ పాపములో తనకును పాలు కలదని అతడే ఒప్పుకొనెను.

ప్రియ చదువరులారా, ఇప్పుడు మన పిల్లల చేతులలో సెల్ ఫోనులున్నవి. ఒక బాలిక ఫోటోను ఎవడో వికారముగా మార్చి తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టెననుకొందము. పెట్టినవాడు ఒక్కడు. నవ్వు బొమ్మలు పెట్టినవారు పదిమంది. వేరొక గ్రూపుకు పంపినవారు నలుగురు. తెల్లవారుసరికి ఊరంతయు చూచును. పూర్వము బడిలో ఎగతాళికి గురియైన బిడ్డకు ఇల్లు చేరిన తరువాతనైనను నెమ్మది దొరికెడిది. ఇప్పుడు ఎగతాళి పడకవరకు వెంబడించుచున్నది.

ఆ పదిమందిని అడుగుడి. "మేమేమి చేసితిమి? చూచి నవ్వితిమి, అంతే" అందురు. కాని ఒకని దుర్మాటను బిడ్డ ఎట్లో ఓర్చుకొనును. అందరును నవ్విరను తలంపును ఓర్చుకొనజాలదు. గాయమును లోతు చేసినది ఆ నవ్వే.

చట్టమును ఈ సంగతిని కొంతవరకు ఎరుగును. సమాచార సాంకేతిక చట్టములోని 67బి సెక్షను పిల్లల అశ్లీల చిత్రములను తయారుచేసినవారినే గాక, పంచినవారిని, వెదకి చూచినవారిని కూడ నేరస్థులుగా ఎంచును. అయితే నొప్పించు ప్రతి మాటకును చట్టము అడ్డుపడజాలదు. అట్టివాటికై వాడిన 66ఎ సెక్షను మిక్కిలి అస్పష్టమని సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసెను. మిగిలిన పని ఇంటిది, బడిది, సంఘముది.

ఫిన్లాండు దేశములో తుర్కు విశ్వవిద్యాలయమువారు 'కివా' అను పద్ధతిని బడులకొరకు సిద్ధపరచిరి. ఏడిపించువానిని, ఏడ్చువానిని మాత్రమే గాక, చుట్టు నిలిచి చూచువారిని మార్చుట దాని ముఖ్యోద్దేశము. నవ్వువారు లేనిచోట ఎగతాళి ఎంతకాలము నిలుచును?

పెద్దలమైన మనము చేయు తప్పొకటి కలదు. బిడ్డ ఏడ్చుచు వచ్చి చెప్పగానే, "నీవు ఫోను ఎందుకు ముట్టితివి?" అని గద్దించి ఫోను లాగికొందుము, ఆడపిల్లయైనచో చదువే మాన్పింతుము. నేరము ఒకరిది, శిక్ష మరియొకరికి! మరునాటినుండి ఆ బిడ్డ నోరు విప్పదు. ముందు నీ తప్పు లేదని చెప్పవలెను. ఎవరు, ఎన్నడు పంపిరో వ్రాసియుంచి బడి పెద్దలకు తెలుపవలెను. అవసరమైనయెడల పిల్లల సహాయమునకు 1098 నంబరు కలదు, పోలీసువారును కలరు.

మరి తప్పు చేసిన పిల్లవాని మాటేమి? "పిల్లచేష్ట" యని విడిచిపెట్టుట తగదు. నలుగురిలో నిలువబెట్టి కొట్టుటయు తగదు. అది అతడు చేసిన పనినే మనము తిరిగి చేయుట. ఏ గ్రూపులో అవమానించెనో ఆ గ్రూపులోనే అతడు క్షమాపణ కోరవలెను. నవ్వినవారును కోరవలెను.

వస్త్రములయొద్ద నిలిచిన ఆ యౌవనుడు మారినప్పుడు శిష్యులు అతనిని నమ్మక భయపడిరి. బర్నబా ఒక్కడు అతనిని చేరదీసెను. మన పిల్లలలో ఒక్కడైనను ఆ గ్రూపులో "ఇది తప్పు, తీసివేయుము" అని వ్రాయగలడా? అట్టి ధైర్యము మన యిండ్లలో నేర్పుచున్నామా? పిల్లలను అడుగకమునుపు మనలను మనమే అడుగుకొందము.