తప్పు చేసిన చేతికే మళ్లీ విమానం

శాన్ డియేగోలో విమాన విన్యాసాల ప్రదర్శన ముగించుకుని పైలట్ బాబ్ హూవర్ తన ష్రైక్ కమాండర్ విమానంలో తిరుగు ప్రయాణమయ్యారు. లోపల మరో ఇద్దరున్నారు. 300 అడుగుల ఎత్తుకు చేరారో లేదో, రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. ఆయన ఎలాగో నేలకు దించారు. విమానం బాగా దెబ్బతింది కానీ ముగ్గురూ బతికారు. దిగగానే హూవర్ ఇంధనం పరీక్షించారు. అనుమానించినట్టే అయింది. పిస్టన్ ఇంజిన్లకు పెట్రోలు పోయాల్సిన ట్యాంకుల్లో జెట్ ఇంధనం, అంటే కిరోసిన్ జాతి నూనె, పోశారు.

పోసిన కుర్రవాడు విమానాశ్రయంలో కుమిలి కుమిలి ఏడుస్తున్నాడు. హూవర్ అతని భుజం చుట్టూ చెయ్యి వేశారు. మళ్లీ ఈ పొరపాటు చెయ్యవన్న నమ్మకం నాకుంది, రేపు నా మస్టాంగ్ విమానాన్ని నువ్వే సిద్ధం చెయ్యాలని చెప్పారు.

ఇది క్షమా, అజాగ్రత్తా?

మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీసింది ఇలాంటి ప్రశ్నతోనే. ప్రహ్లాదుడు మనవడు బలికి చెప్పిన మాటలను ఆమె గుర్తు చేస్తుంది. ఎప్పుడూ ఓర్చుకునేవాణ్ని సేవకులు కూడా లెక్కచేయరు. ఎప్పుడూ మండిపడేవాడికి అయినవాళ్లూ దూరమవుతారు. తెలియక చేసిన తప్పైతే విచారించి మన్నించాలి. తెలిసి చేసి, తెలియదని బొంకేవాణ్ని మన్నించకూడదు. అంటే క్షమకు ముందు విచారణ ఉండాలి. హూవర్ ముందు ట్యాంకు చూశారు, తర్వాతే ఆ కుర్రవాడి ముఖం చూశారు.

ఆయన ప్రాణాన్ని తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. 1922లో నాష్‌విల్‌లో పుట్టిన హూవర్ రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ నడిపారు. 1944 ఫిబ్రవరిలో శత్రువులు కూల్చేస్తే జర్మన్ల చెరలో ఏడాదికి పైగా గడిపి, తప్పించుకుని, వాళ్ల విమానంలోనే ఎగిరి బయటపడ్డారు. ప్రదర్శనల్లో ఇదే రకం ష్రైక్ కమాండర్ ఇంజిన్లు రెండూ ఆపేసి గాలిలో చక్కర్లు కొట్టి, జనం ముందుకే వచ్చి దిగేవారు. విమానం దొర్లుతుంటే గ్లాసులోకి ఐస్ టీ చుక్క ఒలకకుండా పోసేవారు. ఇంజిన్ లేని విమానాన్ని ఎంత దూరం నమ్మవచ్చో ఆయనకు తెలిసినంతగా తెలిసినవారు అరుదు. మనిషినీ అలాగే కొలత తెలిసి నమ్మారు.

అయితే ఆ కుర్రవాణ్ని మన్నించినంత మాత్రాన తప్పు మాయం కాదు. మరో విమానాశ్రయంలో మరో అలసిన చెయ్యి అదే గొట్టం అందుకుంటుంది. అందుకే హూవర్ ఊరుకోలేదు. జెట్ ఇంధనం గొట్టానికి మూతి వెడల్పుగా, చదునుగా చేయించి, పెట్రోలు ట్యాంకు నోటికి ఇరుకైన కంకణం బిగించే పద్ధతి కోసం పట్టుబట్టారు. ఆ మూతి ఈ నోట్లో పట్టదు. పొరపాటున పోయాలన్నా పోయలేరు.

క్షమ అంటే మరచిపోవడమని మనం తరచూ అనుకుంటాం. హూవర్ మనిషిని వదిలేశారు, తప్పును మాత్రం వదల్లేదు. ఈ రెండో సగం లేకపోతే ఆయన చూపిన దయ ఆ ఒక్క సాయంత్రంతోనే ముగిసిపోయేది.

ఆయన 2016 అక్టోబరు 25న, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన నడిపిన ఒక ష్రైక్ కమాండర్ స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ చదును మూతిని వైమానిక రంగంలో ఇప్పటికీ హూవర్ నాజిల్ అనే పిలుస్తారు.