అడుగని ప్రాణికి అభయము

శరణన్నవానిని కాపాడవలెనని ఎరుగని వైష్ణవగృహము లేదు. విభీషణుడు సముద్రతీరమున ఆకాశముననే నిలిచి శరణు వేడెను. సుగ్రీవాదులు సందేహించినను శ్రీరామచంద్రుడు వెనుదీయక అభయమొసగెను. ఆ ఘట్టమునే ఆలంబనముగా గొని శ్రీ వేదాంతదేశికులు అభయప్రదానసారమను గ్రంథమును రచించిరి. విభీషణునకు తానెవరిని ఆశ్రయించుచున్నాడో తెలియును. గజేంద్రునకును తెలియును. మరి శరణమను మాటయే ఎరుగని ప్రాణి యింటికి వచ్చినచో దానికి అభయమిచ్చుట ఎట్లు? ఇచ్చితినని గృహస్థు తలచినంతమాత్రమున ఇచ్చినట్లగునా?

ఇది తాళపత్రములలో పుట్టిన ప్రశ్న కాదు. నెల్లూరు గూడూరుల నడుమ రహదారిపై నున్న మనుబోలు వంటి యూరిలో పెరటిలోనే ఎదురు కాదగిన ప్రశ్న. పిల్లలు ముచ్చటపడిరని పట్టణమునుండి తెల్లకుందేటి నొకదానిని కొని తెత్తురు. పది దినములకు ముచ్చట తీరును. పిదప అది ఇరుకు పంజరమున మూలకు చేరును, లేదా ఏ చెరువుగట్టుననో విడువబడును. కుక్కలు తరుముచుండగా పుణ్యాత్ములెవరో దానిని ఎత్తి యింటికి తెత్తురు. ప్రాణము దక్కినదని ఇంటిల్లిపాదియు సంతసింతురు. కుందేటికి మాత్రము ఆ సంతోషములో భాగము లేదు. తరిమిన కుక్కలకును, ఎత్తి తెచ్చిన చేతులకును భేదము దానికి తెలియదు. రక్షణమే దాని పాలిట మరియొక పట్టివేత.

ఇచట ఒక్క మాట. మన చేలగట్లపై పరువులెత్తు చెవులపిల్లి వేరు, ఇండ్లలో పెంచు కుందేలు వేరు. చెవులపిల్లి కూనలు బొచ్చుతో, తెరచిన కన్నులతో బయలునందే పుట్టును. పెంపుడు కుందేటి జాతి విదేశమునుండి వచ్చినది. దాని కూనలు కన్ను తెరువక, బొచ్చు లేక కలుగులో పుట్టును. చెవులపిల్లిని తెచ్చి పెంచుట దయ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికిని రక్షణ కల్పించినది. పెంపుడు కుందేటిని స్వేచ్ఛ యను పేర అడవిలో వదలుటయు దయ కాదు, అది బ్రతుక నేరదు.

కుందేటి భయము దాని దేహములోనే వ్రాయబడియున్నది. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది వెనుకనుండి వచ్చు శత్రువును సైతము చూడగలదు గాని, ముక్కునకు సూటిగా ఎదుట నున్నదానిని చూడలేదు. కావున ప్రేమతో మొగము చెంతకు చాచిన చేయి దానికి హఠాత్తుగా ఊడిపడిన చేయి. పైనుండి వంగి ఎత్తబోయిన చేయి గద్దతో సమానము. చెవులు పట్టి ఎత్తు అలవాటు పలుచోట్ల నున్నది. అది శుద్ధ క్రౌర్యము. దాని వెనుకకాళ్లు మిక్కిలి బలమైనవి, ఎముకలు తేలికైనవి. ఒడిసిపట్టినప్పుడు తన్నుకొని తన వెన్నెముకను తానే విరుచుకొనవచ్చును. అది సాధారణముగా మొఱ పెట్టదు. ప్రాణము పోవునంతటి భయమునగాని దాని గొంతు పెగలదు. అందుచేతనే ఇంటివారు పొరపడుదురు. ఒడిలో కదలక మెదలక కూర్చున్నదని, సాధువైనదని, మాలిమి యైనదని మురియుదురు. ఆ కదలకుండుట శాంతి కాదు. భయము మిక్కిలియై అవయవములు బిగిసిన స్థితి. దుర్బలుని మౌనమును అంగీకారముగా లెక్కించుట బలవంతులకు అనాదిగా నున్న అలవాటే కదా!

అట్లయిన ఈ అవిశ్వాసము ఆ ప్రాణి దోషమా? చేసిన మేలు ఎరుగని జంతువని దానిని నిందింపవచ్చునా? నెల్లూరివారికి ఈ విషయమున దూరము పోవలసిన పని లేదు. విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి ఈ సీమవాడే. ఆ పదునైదింట శాంతిపర్వమొకటి. వ్యాసభారతమున ఆ పర్వమందు అంపశయ్యపై నున్న భీష్ముడు ధర్మరాజునకు పిల్లి యెలుకల వృత్తాంతమును చెప్పును. వలలో చిక్కిన లోమశుడను పిల్లిని ఆశ్రయించి పలితుడను ఎలుక తన శత్రువులైన ముంగిస, గుడ్లగూబల బారినుండి తప్పించుకొనెను. ప్రతిగా వల కొరికెను. అదియు వేటకాడు దాపునకు వచ్చిన పిదపనే. ప్రమాదము తొలగినంతనే పిల్లి తీయని మాటలతో చెలిమికి పిలిచెను. ఎలుక కలుగు వెలుపలికి రాలేదు. భీష్ముడు ఆ ఎలుకను కృతఘ్నయని తూలనాడలేదు సరికదా, దాని వివేకమును మెచ్చెను. ఆ పర్వముననే బ్రహ్మదత్తుని యింట పెరిగిన పూజని యను పక్షి కథయు కలదు. పరస్పరము అపకారము జరిగిన పిమ్మట రాజు ఎంత బ్రతిమాలినను అది ఆ యింట నిలువలేదు. భారతమున భయస్థుని శంకకు ఇంత గౌరవమున్నది. నమ్మవలసిన భారము బలహీనునిపై లేదు. నమ్మదగినవాడనని రుజువు చేసికొనవలసిన భారము బలవంతునిదే.

ఆ రుజువు మాటలతో కాదు. కుందేలున్న చోట నేలపై కూర్చుండుటయే మొదటి పని. దానివంక చూడక, చేయి చాపక, పారాయణమో జపమో చేసికొనుచు కూర్చుండవలెను. అది చుఱుకుగా తిరుగునవి ఉదయ సాయంసంధ్యలు. సంధ్యావందనమునకు, దీపారాధనకు మేల్కొని యుండు ఇండ్లలో ఇది యొక అనుకూలము. దాగుటకు రెండువైపుల దారి యున్న పెట్టె నొకదానిని ఉంచవలెను. అందులో నున్నప్పుడు ఎవరును చేయి పెట్టరాదు. గరిక దానికి ఇష్టమైన మేత. అది ఎల్లప్పుడును అందుబాటులో నుండవలెను. ఒక్కదినము మేత మానినను దాని ప్రేగులు స్తంభించి ప్రాణాపాయము కలుగును. కొన్ని దినములకు అది దూరమునుండి మెడ సాచి వాసన చూచును, మరల పారును. అట్లు పారిపోనిచ్చుటలోనే విశ్వాసము మొలకెత్తును. పోవుటకు వీలున్నదని తెలిసిన ప్రాణియే తిరిగి వచ్చును. తుదకొకనాడు మనుష్యుల చెంతనే ప్రక్కకు ఒరిగి కాళ్లు చాపి పరుండును. తరుమబడు జాతికి అంతకు మించిన సాహసము లేదు.

విచిత్రమేమనగా, ఇంటిలో మొదట దాని నమ్మకమునకు పాత్రులగువారు దానిని కోరనివారే. కొడుకులు, మనుమలు పిలిచి పిలిచి అలసిపోవుదురు. మూల కూర్చుండి తులసిమాల త్రిప్పుకొను అవ్వ చెంతకు అది చేరును. “దాని జోలికి పోబాక నాయనా, దానంతట అదే వస్తాది” అని మనుమని వారించునదియు ఆ అవ్వయే. జీవుడు దండధరుడైన స్వామిని చూచి జంకునని యెరిగియే పూర్వాచార్యులు అమ్మవారి పురుషకారమును చెప్పిరి. భయపడువానికి నడుమ ఒక తల్లి కావలెను.

ఇక చిక్కైన సంగతి. కుందేటికి రోగము వచ్చును, పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను, అది చిక్కదు. గరిక చూపి, దగ్గరకు రాగానే పట్టుకొందురు. చేసినది దాని మేలునకే కదా యని సమాధానపడుదురు. ఈ సమాధానము చెల్లదు. ఆశ చూపి పట్టుట వేటకాని విద్య. ప్రయోజనము మంచిదైనను ఉపాయము విశ్వాసఘాతమే. దాని ఫలముగా మరునాటినుండి గరికయే దానికి భయహేతువగును. మందు వేయకుండుట అంతకంటె పెద్ద తప్పు గనుక పట్టక తప్పదు. అయినచో మేతతో ముడిపెట్టక, మెత్తని గుడ్డతో, రొమ్మును వెనుకకాళ్లను రెండింటిని ఆనించి, దాచక పట్టవలెను. కష్టపెట్టిన చేయి కష్టపెట్టినట్లే కనబడవలెను గాని పెట్టెడి చేతి వేషము వేయరాదు. వీలైన, పట్టువారొకరును పెట్టువారొకరును ఉండుట మేలు.

శరణాగతికి చెప్పబడిన ఆరంగములలో, రక్షించునను విశ్వాసమును మహావిశ్వాసమని పెద్దలు వేరుగా ఎత్తి చూపిరి. అది అంత దుర్లభము కనుకనే సర్వేశ్వరుడు అర్చారూపమున ఇంత సులభుడైనాడు. పెన్నయొడ్డున నెల్లూరిలో రంగనాథుడు పవళించియే యున్నాడు. పిలువడు, పట్టడు, వెంబడింపడు. భక్తుడు ఏ వేళ వచ్చినను, రాక తిరిగిపోయినను, ఆ చోటనే యుండును. అయితే ఈ పోలికను ఇక్కడనే ఆపుట యుక్తము. కుందేటికి పిడికెడు గరిక పెట్టినవాడు తాను స్వామి యంతవాడనని తలచినచో పెట్టినదంతయు వ్యర్థమగును. అతడును మరియొకచోట మూలకు నక్కి వణకుచున్న ప్రాణియే.

భాగవత పంచమస్కంధమున భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడికూనను ఎత్తి తెచ్చి, దానిపై మమకారముచే మరుజన్మమున లేడియై పుట్టెను. ఈ కథను చూపి జంతువులను చేరదీయరాదనువారు కలరు. భరతుడు కూనను ఎత్తినందున చెడలేదు. ఎత్తకున్నచో ఆ తపస్సునకు అర్థమేమి? అది తనది యనుకొన్నందున, అది కనబడనిచో తాళలేనందున బద్ధుడయ్యెను. కావున గృహస్థు తన్ను తాను అడుగవలసినది ఒక్కటే. కుందేలు ఎన్నటికిని ఒడికి రాకున్నచో మేత ఇట్లే పెట్టుదునా? కొన్ని కుందేళ్లు రావు. రెండు సంవత్సరములు గడచినను చేయి చాపిన తొలగిపోవును. అట్టిదానికిని గరిక కావలెను, పెట్టె శుభ్రపరుపవలెను. నెల్లూరిసీమ ఎండలు దానికి మిక్కిలి గడ్డు. ఆ చెవులే దాని వేడిని వెలికి పంపు మార్గము. ముప్పది డిగ్రీలు దాటిననే అది తల్లడిల్లును. రోహిణికార్తెలో మధ్యాహ్నమునకు ముందే నీళ్లు నింపిన మట్టికుండ నొకదానిని దాని మూలలో ఉంచి, వాకిలి ఓరగా మూసి, ఇవతలకు వచ్చివేయవలెను. ఎవరును లేరని నిశ్చయించుకొన్న పిదప అది వచ్చి ఆ కుండను ఆనుకొని పరుండును.