ఐదో కారణం

పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ చచ్చుబడిన విమానాన్ని కెప్టెన్ సలెన్‌బర్గర్ న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించాడు. అది 2009 జనవరి 15. లోపలున్న 155 మందీ బతికారు. ఆ రోజే రాష్ట్ర గవర్నర్ దాన్ని ‘హడ్సన్ అద్భుతం’ అన్నారు, పేరు నిలిచిపోయింది. 2016లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘సల్లీ’ సినిమా మాత్రం ఆ అద్భుతాన్ని విచారణ గదిలో కూర్చోబెట్టి, పక్షులు తగిలినప్పటి నుంచి దిగేదాకా గడిచిన 208 సెకన్లను ఒక్కొక్కటిగా లెక్క అడుగుతుంది. దేవుణ్ణి నమ్మే ప్రేక్షకుడికి అక్కడే చిక్కు. అంతా మనిషి నేర్పే అయితే దేవుడికి దండమెందుకు? దేవుడే కాపాడితే పైలట్‌కు చప్పట్లెందుకు?

ఈ చిక్కు మనకు పరాయిది కాదు. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్‌కు బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్‌లో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య వంటి సినిమావాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో కిందికి సరిగా కనబడక, దిగబోయిన విమానం మళ్లీ పైకి లేచింది. దిగేటప్పుడు చాచి, లేచాక ముడవాల్సిన రెక్కల ఫ్లాప్‌లు చాచినవి చాచినట్టే బిగుసుకుపోయాయి. అలా ఎగిరే విమానం గాలికి ఎదురీదుతూ ఇంధనాన్ని తాగేస్తుంది. మద్రాసు తిరిగి చేరకముందే ట్యాంకులు నిండుకున్నాయి. తిరుపతి దగ్గర పొలాల్లో దించక తప్పలేదు. 262 మందిలో ఒక్క ప్రాణం పోలేదు. దిగిన చోటు తిరుపతి అని వినగానే మనసు ఏడుకొండల వైపు తిరగని తెలుగువాడు అరుదు. ఆ తిరగడం తప్పు కాదు. దండం పెట్టాక ఏ తీర్పు చెబుతున్నామన్న దగ్గరే తప్పు జరుగుతుంది.

గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని భాష్యకారులన్నారు. పనికి ఆధారమైన చోటు అని కాస్త విప్పి చెప్పుకుంటే హడ్సన్ కథంతా ఇందులో ఇమిడిపోతుంది. చోటు నది. కర్తలు కెప్టెన్, పక్కనున్న కోపైలట్ స్కైల్స్. కరణాలు యంత్రాలు. చేష్టల దగ్గర కాస్త ఆగాలి. రెండు ఇంజన్లూ ఆగితే చదవాల్సిన చెక్‌లిస్టును విమానం ఇరవై వేల అడుగులకు పైన ఉంటుందనుకుని రాశారు. వీళ్లున్నది మూడు వేల అడుగుల దగ్గర. అంతా చదివే వ్యవధి లేదు. జాబితాలో ఎక్కడో కిందనున్న చిన్న సహాయక ఇంజన్‌ను కెప్టెన్ ముందే ఆన్ చేశాడు. దాంతో కరెంటు పోకుండా నిలిచింది, విమానం చేతికి లొంగింది. విచారణ కోసం సిమ్యులేటర్‌లో ఇంజన్లు ఆగిన క్షణమే వెనక్కి తిప్పి చూస్తే కొన్నిసార్లు రన్‌వే అందింది. మనిషికి జరిగింది అర్థమై నిర్ణయం తీసుకునేందుకు 35 సెకన్లు కలిపితే అందలేదు. ఇక దగ్గర్లో ఫెర్రీ పడవలు తిరుగుతుండటం, పగటి వెలుతురు మిగిలి ఉండటం ఎవరూ ఆ విమానం కోసం ఏర్పాటు చేసినవి కావు. వాటిని ఐదో ఖాతాలో రాసుకోవచ్చు. గీత దైవాన్ని ఐదింటిలో చేర్చిందే తప్ప, మిగతా నాలుగింటిని కొట్టేసి ఆ చోట కూర్చోబెట్టలేదు. రామానుజులు ఆ ఐదోదాన్ని అంతర్యామి అయిన పరమాత్మ అనీ, ప్రధాన హేతువనీ చెప్పారు కదా, ఆ పరమాత్మను ఐదో వంతుకు దించుతారా అని ఒక వైష్ణవుడు నిలదీయవచ్చు. అంతర్యామి అంటే లోపల ఉండి నడిపేవాడు. నాలుగింటినీ లోపలి నుంచి నడిపేవాడు వాటిని పక్కకు నెట్టి ఎందుకు రావాలి? పైలట్ చేతిని చిన్నది చేస్తే దేవుడు పెద్దవాడైపోడు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ బయల్దేరిన చిన్న విమానం బెంగళూరులో గాలిలోకి లేచిన కాసేపటికే కూలిపోయింది. లోపలున్న నలుగురూ చనిపోయారు. తిరుపతి దగ్గర చెయ్యి అడ్డుపెట్టినవాడు ఇక్కడ ఎందుకు పెట్టలేదు? ‘వాళ్ల పుణ్యం వాళ్లను కాపాడింది’ అన్నవాడు, ఈ నలుగురికీ అది లేదని నోరు విప్పకుండానే అంటున్నాడు. ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు. కర్మ సిద్ధాంతం కూడా ఎవరి ఖాతా ఎంతో మనకు చూపించదు. బతికినవాడి కృతజ్ఞత నమస్కారంగా నిజమే, సాక్ష్యంగా చెల్లదు. పోయిన ప్రాణాన్నీ మిగిలిన ప్రాణాన్నీ ఒకే చోట చూసే గుడి ఒకటుంది. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ఒకటి కాలుడైన యముడిది, ఇంకొకటి ముక్తేశ్వరుడైన శివుడిది. యముడికి మొక్కాకే శివుడికి మొక్కడం అక్కడి ఆనవాయితీ. ప్రాణం తీసేవాడు ఒక గుడిలో, ప్రాణం పోసేవాడు ఇంకో గుడిలో ఉన్నట్టు కట్టుకుంటే మనసుకు సుఖంగా ఉండేది. కట్టినవాళ్లు ఆ సుఖం కోరుకోలేదు.

అలాంటప్పుడు ప్రార్థన దండగేనా? జనగామ జిల్లా బమ్మెర పోతన ఊరని చెప్పుకుంటారు. ఆయన భాగవతంలో గజేంద్రుడు మొసలి కాలు పట్టగానే మొర పెట్టలేదు. వేయేళ్లు పెనుగులాడాడు. ఒళ్లు అలిసి, తోడున్నవారంతా నిస్సహాయులయ్యాక పిలిచాడు. ఆ పిలుపులోనూ దాన్ని వినేవాడు ఉన్నాడో లేడోనన్న సందేహం ఉంది. పోతన దాన్ని దాచలేదు. ప్రార్థన పెనుగులాటకు బదులు వచ్చింది కాదు, పెనుగులాట అంచున పుట్టింది. పైగా ఆ కథలో శాపం వల్ల మొసలి అయిన గంధర్వుడికీ విముక్తి దొరుకుతుంది. రక్షణ అంటే ఒకరిని ఎంచుకుని ఇంకొకరిని వదిలేయడం అనే లెక్క అక్కడ నిలవదు.

ఇదంతా విమానం ఎక్కనివాళ్లకు ఎందుకు? 2005 అక్టోబర్ 29న జనగామకు పొరుగు జిల్లాలోని వలిగొండ దగ్గర వరద కోసేసిన చోట డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పింది. వందమందికి పైగా పోయారు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి, పట్టాలు ఊయలలా వేలాడాయి. రైళ్లను ఆపేశారు కనుక ఏదీ ఆ గండిలో పడలేదు. రెండుసార్లూ వాన దైవాధీనమే. తేడా తెచ్చింది చేష్ట. విధి అని సరిపెట్టుకున్నచోట ఈ తేడా కంటికే కనబడదు. బతికి బయటపడ్డవాడు తిరుపతికి వెళ్లి తలనీలాలిస్తే ఐదో కారణానికి మొక్కు తీరుతుంది. చెక్‌లిస్టు రాసినవాడికి, ఫ్లాప్ బిగించే మెకానిక్‌కు, వానలో గొడుగేసుకుని పట్టాల వెంట నడిచే కీమ్యాన్‌కు ఇవ్వాల్సింది హుండీలో వేస్తే చేరదు. మిగతా నాలుగు కారణాల బాకీ ఇంటికొచ్చాక కూడా అలాగే ఉంటుంది.