చలికాలము రాకమునుపు

చదువవలసిన భాగములు: కీర్తన 147:12–18, 2 తిమోతి 4:9–21

ఉత్తర ధ్రువప్రాంతమున చలికాలమందు అనేక వారములు సూర్యుడు ఉదయింపడు. ఉష్ణోగ్రత సున్నకు 40 డిగ్రీల దిగువకు పడిపోవుట కలదు. అట్టి చీకటిలోనే ధ్రువపు ఎలుగుబంటి తన పిల్లలను కనును. అప్పుడు పుట్టిన పిల్ల బరువు ఇంచుమించు 600 గ్రాములు మాత్రమే. కన్నులు తెరువబడియుండవు, ఒంటిమీద పలుచని నూగే గాని దట్టమైన రోమములుండవు. ఆ చలిగాలిలో అది బ్రదుకజాలదు.

అయితే తల్లి ముందుగానే పేరుకొనిన మంచులో గుహ త్రవ్వుకొని అందులో ప్రవేశించియుండును. మంచురేణువుల నడుమ గాలి చిక్కుకొని కదలకుండుటచేత లోపలి వెచ్చదనము త్వరగా బయటికి పోదు. తల్లి ఒంటి వేడిమిచేతనే ఆ గుహ బయటికంటె 20 డిగ్రీలు అధికముగా వెచ్చగా నుండగలదు. నెలల తరబడి ఆమె ఏమియు తినక, కొవ్వు నిండిన తన పాలతో పిల్లలను పోషించును. చంపగల మంచే వాటికి కంబళియగుచున్నది. మంచును గొఱ్ఱెబొచ్చుతో పోల్చిన కీర్తనకారుడు ధ్రువప్రాంతమును ఎరుగడు. అయినను ఆ పోలిక ఎంత సత్యము!

దేవుడు చలికాలమును తీసివేయలేదు. దానిలో బ్రదుకు మార్గమును ఏర్పరచెను. గ్రీన్‌లాండు దేశపు కస్తూరి ఎద్దులకు నేలను తాకునంత పొడుగైన వెండ్రుకలును, వాటి క్రింద మిక్కిలి మెత్తని ఉన్నియు కలవు. తోడేళ్లు వచ్చినప్పుడు పెద్దవి వలయముగా నిలిచి, దూడలను నడుమ నుంచుకొనును.

మనుష్యునికి దేవుడు అట్టి రోమము నియ్యలేదు, పొరుగువానిని ఇచ్చెను. వృద్ధుడైన పౌలు రోమా చెరసాలలో నుండి తిమోతికి వ్రాసిన పత్రికలో పరలోక రాజ్యమును గూర్చిన నిశ్చయతయు, త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని గూర్చిన మనవియు ఒకే అధ్యాయమున నున్నవి. కిరీటము కొరకు కనిపెట్టుచున్న అపొస్తలుడు చలికి వణకుటను దాచుకొనలేదు. చలికాలము రాకమునుపే రమ్మని బ్రతిమాలుకొనెను.

నేడును సంఘములో చలికాలము ప్రవేశించిన గృహములు కలవు. భర్తను పోగొట్టుకొని వెనుక వరుసలో మౌనముగా కూర్చుండు విధవరాలు కలదు. పని పోయిన సంగతి ఎవరికిని చెప్పలేని తండ్రి కలడు. దేవుడు మంచును కూడ కంబళిగా చేయునని వారితో పలికి వెళ్లిపోవుట సులభము. ఆ మాట సత్యమే. అయినను పౌలుకు కావలసినది అంగీ, దానిని మోసికొని వచ్చు సహోదరుడు.

తిమోతి సకాలమున చేరెనో లేదో లేఖనము చెప్పదు. ఆ ప్రయాణము నేడు ప్రతి విశ్వాసి యెదుట నున్నది. అంగీ ఎవరి యింట నున్నది? చలికాలము ఎంత దూరములో నున్నది?

ప్రార్థన: హిమమును కురిపించి, దానిలోని చిన్న ప్రాణులను కాపాడు తండ్రీ, చలిలో ఒంటరిగా నున్నవారిని జ్ఞాపకము చేసికొనుము. వస్త్రము గలవారి పాదములను త్వరపెట్టుము. యేసు నామమున, ఆమేన్.