వార్నింగే కదా!

మాట్లాబ్‌లో ‘మ్యాజిక్’ అని ఓ ఫంక్షన్ ఉంది. దానికి 4 అని ఇస్తే, నాలుగు అడ్డ వరసలు, నాలుగు నిలువు వరసల గళ్ళలో 1 నుంచి 16 దాకా అంకెలు పేర్చి ఇస్తుంది. అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకి, ఎటు కూడినా 34. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో చెక్కిన ‘మెలంకోలియా’లో గోడ మీద కనిపించే చదరం దాదాపు ఇదే. మధ్యలో ఉన్న రెండు నిలువు వరసలు మాత్రం అటూ ఇటూ అయ్యాయి.

ఇప్పుడు ఈ చదరానికి ఇన్వర్స్ కావాలని అడిగి చూడండి. 5కి ఇన్వర్స్ ఐదో వంతు. రెంటినీ గుణిస్తే 1 వస్తుంది. సున్నాకి అలాంటిది లేదు. మాట్రిక్సుల్లోనూ కొన్నిటికి ఉండదు, వాటిని సింగ్యులర్ అంటారు. మన చదరం అలాంటిదే. నమ్మకపోతే కాగితం మీద చూసుకోవచ్చు. మొదటి అడ్డ వరస 16, 2, 3, 13. రెండోది 5, 11, 10, 8. మూడోది 9, 7, 6, 12. నాలుగోది 4, 14, 15, 1. మొదటిదానికి రెండోదాన్ని మూడింతలు చేసి కలపండి. అందులోంచి మూడోదాన్ని మూడింతలు చేసి తీసేయండి, నాలుగోదాన్నీ తీసేయండి. నాలుగు చోట్లా సున్నాయే మిగులుతుంది. ఒక వరస మిగతా వాటిలోంచే పుట్టిందన్నమాట. దీనికి ఇన్వర్స్ లేదు గాక లేదు. ఐదో తరగతి లెక్కలు వచ్చినవాళ్ళు కూడా సరిచూసుకోగలిగిన సంగతి ఇది.

మాట్లాబ్ మాత్రం ఇన్వర్స్ ఇస్తుంది. పదహారు అంకెలు, చక్కగా గళ్ళలో పేర్చి, ఒక్కొక్కటీ వంద లక్షల కోట్ల స్థాయిలో. వాటికి పైన నారింజ రంగులో ఒక వార్నింగ్: ఈ మాట్రిక్స్ సింగ్యులర్‌కి దగ్గరగా ఉంది, ఫలితాలు కచ్చితంగా ఉండకపోవచ్చు అని. ఆ పక్కనే ‘ఆర్‌కాండ్’ అని ఒక అతి చిన్న సంఖ్య.

ఏళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇక్కడే ఉంది. లేనిదాన్ని ఇచ్చి, ‘తప్పు కావచ్చు’ అని పక్కన రాసేస్తే, ఇచ్చినవాడి బాధ్యత తీరిపోయినట్టేనా?

ముందు యంత్రం తరఫున వాదించాలి. అది అబద్ధం చెప్పడం లేదు. మనం కాగితం మీద చేసినట్టు అది పూర్ణాంకాలతో చెయ్యదు. ఎడాపెడా భాగహారాలు చేస్తుంది, తెగని భిన్నాలని 53 బిట్ల దగ్గర కత్తిరిస్తుంది. ఆ కత్తిరింపుల తర్వాత, అసలు సున్నా రావలసిన చోట సున్నాకి కొంచెం పక్కన ఏదో మిగులుతుంది. అది నిజంగా ఉన్న చిన్న సంఖ్యా, కత్తిరింపు తాలూకు చెత్తా? తెలుసుకునే దారి దానికి లేదు. అందుకే ‘సింగ్యులర్’ అనదు, ‘దగ్గరగా ఉంది’ అంటుంది. తన చూపు ఎంతవరకు ఆనుతుందో అంతవరకే చెప్పే సాక్షి అది. న్యాయశాస్త్రం వాళ్ళు శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంటూ, ఆ మాట ఆప్తుడిదై ఉండాలన్నారు. విషయం తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టే చెప్పాలనుకునేవాడు ఆప్తుడు. తనకి ఎంతవరకు తెలుసో కూడా చెప్పేవాడిని ఇంకో మెట్టు పైనే కూచోబెట్టాలని నాకనిపిస్తుంది.

అయినా ఆ వార్నింగ్ అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే లెక్క కొంచెం మారుతుంది. 1970లలో క్లీవ్ మోలర్ న్యూ మెక్సికో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ అని రెండు ఫోర్ట్రాన్ లైబ్రరీలు రాసిన బృందాల్లో తనూ ఒకడు. వాటిని వాడాలంటే విద్యార్థులు ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు రాయాలి, కంపైల్ చెయ్యాలి. ఆ తలనొప్పి లేకుండా నేరుగా మాట్రిక్సులతో ఆడుకోనిద్దామని రాసిందే మొదటి మాట్లాబ్. అందులో ఉన్న డేటా రకం ఒక్కటే, మాట్రిక్స్. తర్వాత జాక్ లిటిల్, స్టీవ్ బాంగర్ట్ దాన్ని సీ భాషలో తిరగరాశారు. 1984లో మాథ్‌వర్క్స్ కంపెనీ పుట్టింది.

లిన్‌ప్యాక్‌లో ఒకే పనికి రెండు రొటీన్లు ఉండేవి. ఒకటి ఊరికే మాట్రిక్స్‌ని విడగొడుతుంది. రెండోది విడగొట్టి, దానితో పాటు ఆర్‌కాండ్ కూడా చేతిలో పెడుతుంది. అది 1కి దగ్గరగా ఉంటే మాట్రిక్స్ ఆరోగ్యంగా ఉన్నట్టు, సున్నాకి దగ్గరగా ఉంటే నమ్మడానికి లేదన్నట్టు. పరీక్ష ఎలా చెయ్యాలో కూడా ఆ రొటీన్ కామెంట్లలో రాసి పెట్టారు: 1కి ఆర్‌కాండ్‌ని కూడి చూడు, జవాబు ఇంకా 1గానే ఉంటే అనుమానించు. ఎంత ముద్దుగా ఉందో చూడండి ఆ పరీక్ష! కానీ చెయ్యాల్సింది ప్రోగ్రామర్. ఆ సంఖ్య అతని చేతిలో ఉంటుంది, దాన్ని చూడాలా వద్దా అన్నది అతని పేరు మీద ఉంటుంది. మాట్లాబ్ ఆ పరీక్షని తనే చేసేసి, ఫలితాన్ని ఒక వాక్యంగా మార్చింది. ఆ మార్పు వల్లే కండిషన్ నంబర్ అంటే తెలియనివాళ్ళకి కూడా తలుపు తెరుచుకుంది. అది తక్కువ మేలేం కాదు, ఆ తలుపులోంచి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. అయితే ఒకరు చెయ్యాల్సిన పని, ఒకరు చదవాల్సిన వాక్యంగా మారింది. చదవడం మానేయడం, చెయ్యడం మానేయడం కన్నా చాలా తేలిక.

మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కూర్చున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఎర్ర అక్షరాలొస్తే ఎర్రర్, ప్రోగ్రామ్ ఆగుతుంది, రికార్డులో అవుట్‌పుట్ అతికించడానికి ఉండదు. కాబట్టి దానికి భయపడతాం. నారింజ రంగుకి మాత్రం ‘వార్నింగే కదా, పర్లేదు’ అంటాం. ఈ ‘కదా’ మన వృత్తి మొత్తానికీ మూలమంత్రం. సినిమా మొదట్లో పొగాకు హెచ్చరికని, మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర గుక్క తిప్పుకోకుండా చదివే వాక్యాన్ని మనం ఎలా వింటామో, దీన్నీ అలాగే వింటాం.

వార్నింగ్ లేకపోవడం ఇంకా పెద్ద చిక్కు. హిల్బర్ట్ మాట్రిక్స్ అని ఒకటుంది, ఒకటి, అర, మూడో వంతు, పావు అంటూ సాగే భిన్నాలతో పేర్చింది. చూడ్డానికి సాధువు, లెక్క కట్టబోతే గడుసుది. పది వరసల హిల్బర్ట్ మాట్రిక్స్ కండిషన్ నంబర్ దాదాపు 16 లక్షల కోట్లు, అంటే పదమూడు అంకెల నష్టం. మన దగ్గర ఉన్నవే పదహారు. అడ్డం తిరిగితే జవాబులో మూడు అంకెలే నమ్మదగ్గవి. దీనికి మాట్లాబ్ ఏ వార్నింగూ ఇవ్వదు. పన్నెండు వరసలకి వెళ్తే ఇస్తుంది, అప్పటికి నమ్మడానికి ఏమీ మిగలదు. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, నిజమే. కానీ గీతకి ఇవతల ఉన్న మౌనాన్ని మనం అభయంగా తీసుకుంటాం. అప్పుడప్పుడూ హెచ్చరించేవాడు నోరు మూసుకుంటే, అసలు హెచ్చరించనివాడి మౌనం కన్నా దానికి బరువెక్కువ. మిగతా పనిముట్లూ ఎవరి మర్యాద వాళ్ళు పాటిస్తాయి. నమ్‌పైలో విడగొట్టేటప్పుడు అచ్చంగా సున్నా తగిలితే ఎర్రర్ వేస్తుంది, సున్నాకి కాస్త పక్కన ఉంటే కిమ్మనదు. ఆక్టేవ్‌లో సమీకరణాలు సాధించమంటే వార్నింగ్ ఇచ్చి, మీరడిగిన ప్రశ్న బదులు దగ్గరలో ఉన్న ఇంకో ప్రశ్నకి జవాబు పట్టుకొస్తుంది. ఇది సాయమా, అతి తెలివా నాకు ఇప్పటికీ తేలలేదు.

హెచ్చరికలో ‘ఎంత’ అన్నది లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణే ఉంది. అది ఈ సాఫ్ట్‌వేర్లది కాదు గానీ, జబ్బు అదే. 1991 గల్ఫ్ యుద్ధంలో సౌదీలోని దహ్రాన్ దగ్గర పేట్రియట్ క్షిపణుల వ్యవస్థ పెట్టారు. దాని గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. పదో వంతు బైనరీలో తెగదు, 24 బిట్ల దగ్గర కత్తిరించారు. ఆపకుండా వంద గంటలు నడిచాక తేడా దాదాపు 0.34 సెకను. ఆ లోపు స్కడ్ క్షిపణి అర కిలోమీటరు దాటిపోతుంది. ఫిబ్రవరి 25న వచ్చిన స్కడ్‌ని పేట్రియట్ పట్టుకోలేదు, 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఇదంతా చాలామందికి తెలిసిందే. తర్వాత అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ ఇచ్చిన నివేదికలో నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఫిబ్రవరి 21న పేట్రియట్ వాడే వాళ్ళందరికీ ఒక సందేశం వెళ్ళింది: ‘చాలా ఎక్కువ సేపు’ నడిపితే గురి తప్పవచ్చు అని. చాలా ఎక్కువ అంటే ఎన్ని గంటలో అందులో లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోయేది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న.

‘చెప్పాం కదా’ అనడానికి వాళ్ళ దగ్గర కాగితం ఉంది. దాన్ని నేను హెచ్చరిక అని ఒప్పుకోలేను. ఆర్‌కాండ్ పక్కన సంఖ్య ఉంటుంది కాబట్టే మాట్లాబ్ వార్నింగ్ మీద నాకు గౌరవం.

అయినా సంఖ్య కూడా చాలదు. ఎందుకంటే వార్నింగ్ తెర మీద పడుతుంది, జవాబు ఫైల్లోకి వెళ్తుంది. జవాబు అక్కడి నుంచి ఎక్సెల్‌కి, ఎక్సెల్ నుంచి స్లైడ్‌కి, స్లైడ్ నుంచి ఎవరి నిర్ణయంలోకో ప్రయాణిస్తుంది. వార్నింగ్ బయల్దేరిన చోటే ఆగిపోతుంది. పాత మాట్లాబ్‌లో సున్నాతో భాగిస్తే వార్నింగ్ వచ్చేది, తర్వాత తీసేశారు. తీసేయడమే సబబు. ఎందుకంటే అక్కడ ‘ఇన్ఫ్’, ‘నాన్’ అన్న జవాబులే ఉన్నాయి, అనంతం, ‘సంఖ్య కాదు’ అని అర్థం. నాన్‌ని దేనితో కూడినా నాన్, దేనితో గుణించినా నాన్. తనతో తనకే సమానం కాదు. మైల ముట్టుకున్నట్టు, ముట్టుకున్న ప్రతిదాన్నీ తనలా చేసుకుంటూ చివరి స్లైడ్ దాకా వస్తుంది. ప్రోగ్రామర్లు దాన్ని తిట్టుకుంటారు గానీ, నా మటుకు అంత నిజాయితీ గల జవాబు ఇంకోటి లేదు. హాంబర్గ్‌లో సీగ్‌ఫ్రీడ్ రుంప్ రాసిన ఇంట్‌ల్యాబ్ ఈ దారినే ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. ప్రతి సంఖ్య బదులు, నిజం ఎక్కడ నుంచి ఎక్కడి లోపు ఉందో రెండు హద్దులు మోస్తుంది. నెమ్మదిగా నడుస్తుంది, హద్దులు ఒక్కోసారి ఎందుకూ పనికిరానంత దూరం జరుగుతాయి. ఆఫీసుల్లో దాన్నెవరూ అడగరు.

ఆఫీసుల్లో ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ఇదివరకు నేను పనిచేసిన ఒక కంపెనీలో, డెలివరీ కుర్రాళ్ళకి వారం వారం కిలోమీటర్ రేటు కట్టే పాత ఆక్టేవ్ ప్రోగ్రామ్ ఒకటి నా చేతికొచ్చింది. మొదటి లైనే అన్ని వార్నింగులూ ఆపేసే ఆజ్ఞ. రాసినాయన కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఎందుకు ఆపారని అడిగితే, లాగ్ ఫైల్ నిండిపోతోందట. ఆ లైను తీసేసి నడిపాను. కొన్ని ఏరియాలకి వరసగా సింగ్యులర్ అని వార్నింగులు. తవ్వితే తేలిందేమంటే, జీపీఎస్ సరిగా రాని చోట ప్రయాణ సమయాన్ని దూరంలోంచే లెక్కగట్టి నింపారు, గంటకి ఇన్ని కిలోమీటర్లు అనుకొని. దూరం ఒక కాలమ్, సమయం ఒక కాలమ్, కానీ నిజానికి రెండూ ఒకటే. మన మ్యాజిక్ చదరంలో లాగా ఒకటి ఇంకోదాంట్లోంచే పుట్టింది. పాత ప్రోగ్రామ్ ఇన్వర్స్ కట్టి గుణించేది. దూరం రేటు ఒక వారం ఆకాశంలో, సమయం రేటు పాతాళంలో, మరో వారం తలకిందులు. రెండూ కలిపితే కొట్టేసుకుంటాయి కాబట్టి మొత్తం మీద గ్రాఫులు బాగానే కనిపించేవి. జీతంలోకి వెళ్ళేది మాత్రం దూరం రేటొక్కటే. దానికి కనిష్ఠం, గరిష్ఠం హద్దులు పెట్టారు గనక, కుర్రాళ్ళకి ఒక వారం గరిష్ఠం, ఒక వారం కనిష్ఠం పడేది. వెనకటి వారాలవి ఎవరూ తిరిగి లెక్కకట్టలేదు. అడిగితే, రేటు సిస్టమ్ ఇచ్చింది కదా అన్నారు.

నేను ఆ వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చాను. ఆక్టేవ్‌లో ఒక్క లైను పని. ఆ వారం అర్ధరాత్రి ప్రోగ్రామ్ ఆగిపోయింది, సోమవారం పడాల్సిన డబ్బు బుధవారం దాకా పడలేదు. మేనేజర్ అన్నమాట గట్టిదే: తప్పు రేటుతో అయినా సోమవారం డబ్బు పడితే వాళ్ళు పెట్రోల్ కొట్టించుకుంటారు, సరైన రేటు కోసం ఆపితే బండి కదలదు. నా దగ్గర దీనికి జవాబు లేదు. సందేహాన్ని జవాబుతోనే పంపాలని పైన అంత ధీమాగా రాసిన నేను, ఆ సందేహాన్ని మోసేది ఎవరు, ఎవరి జేబుతో అన్నది అప్పటిదాకా అడగలేదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆర్‌కాండ్ మరీ చిన్నదైతే కిందటి వారం రేటు వాడతాం, ఆ సంగతి యాప్‌లో డబ్బు పక్కనే రాస్తాం: ‘ఈ వారం మీ ఏరియా రేటు లెక్క కుదరలేదు, కిందటి వారం రేటు ఇస్తున్నాం’ అని. లాగ్ ఫైల్లో కాదు, తీసుకునేవాడికి కనిపించే చోట.

నెల తిరిగాక సపోర్ట్ వాళ్ళు ఒక మెసేజ్ నాకు పంపారు, ఎల్బీ నగర్ వైపు బండి నడిపే ఒకతను పెట్టింది. ‘‘అన్నా, పోయిన వారం రేటంటే ఏ వారంది? పోయిన వారం గూడ గిట్లనే రాసిన్రు.’’