అనర్పితమైన పొగ



మన ఇండ్లలో అన్నము ముందు లింగమునకు అర్పితము, పిమ్మట మనకు ప్రసాదము. పండొకటి చేతికి వచ్చినను ఈ నియమమే. అర్పింపనిది స్వీకరింపరాదని పిల్లలకు దీక్షనాటి నుండియే చెప్పుచున్నాము. అట్లు చెప్పిన తండ్రియే లింగార్చన ముగించి, పెరటిలోనికి పోయి బీడీ ముట్టించినచో ఆ పిల్లవాడేమి నేర్చుకొనును?

ఈ ప్రశ్న ముందు నన్ను నేను వేసికొనవలసినదే. 22 సంవత్సరములు నేను సిగరెట్లు కాల్చితిని. ఒకనాడు ఎనిమిదేండ్ల నా కుమారుడు, "నాన్నా, సిగరెట్టు కూడా లింగయ్యకు చూపించే కాలుస్తావా?" అని అడిగెను. వాడు ఎగతాళికి అనలేదు, తెలియక అడిగెను. నాకు సమాధానము తోచలేదు. ధూపమును పొగయే గదా యని ఒక మిత్రుడు నాకు ఊరట చెప్పబోయెను. ధూపము దేవునికొరకు వేయుదుము. ఇది నా నరములు అడిగిన పొగ.

బసవేశ్వరుడు పొగాకును నిషేధించెనా యని వెదకు వారున్నారు. ఆయన 12వ శతాబ్దివాడు. పొగాకు పోర్చుగీసు వారి వెంట మన దేశమునకు వచ్చినది సుమారు నాలుగు వందల ఏండ్ల తరువాత. ఆ పేరు ఆయన మాటలలో వెదకుట వ్యర్థము. దేహమునే దేవాలయముగా చూడుమన్న బోధ ఉండగా వేరొక నిషేధము మనకేల?

బోధ తెలిసినంతమాత్రమున అలవాటు పోదు. నేను ఒక శివరాత్రినాడు మఠములో అందరి యెదుట ప్రమాణము చేసితిని. నాలుగవనాడే తప్పితిని. తప్పితినని చెప్పుటకు సిగ్గుపడి మూడు మాసములు చాటుగా కాల్చితిని. రెండు పర్యాయములు శివదారము తీసి, లింగమును గూటిలోనుంచి మరీ కాల్చితిని. లింగమును దేహమునుండి వేరుచేయుట మనకెంతటి దోషమో చదువరులకు చెప్పనక్కరలేదు. పొగకన్న ఆ దాపరికమే నన్నెక్కువ కాల్చినది.

చివరకు ఒక వృద్ధ జంగమయ్య పాదములకడ నిజము చెప్పితిని. ఆయన మందలింపలేదు. "ఎప్పుడెప్పుడు కాల్చుచున్నావో వారము దినములు వ్రాసికొని రా" అనిరి. వ్రాసిన పిదప తెలిసినది: ఉదయము కాఫీ, మధ్యాహ్న భోజనము, బస్సుకై నిరీక్షణ, భార్యతో మాటపట్టింపు. ఈ నాలుగింటికే నేను బంటును. నికోటిన్ పొగతో కలసి క్షణములలో మెదడును చేరును. అది అందనప్పుడు మనస్సు గోలచేయును. అయితే ఒక్కొక్క కోరిక తీవ్రత కొద్ది నిమిషములే. ఆ కొద్ది నిమిషములు గడచుటకు ఆయన చెప్పిన ఉపాయమిది: ఇంటనున్నచో ఇష్టలింగమును కరస్థలమున ఉంచుకొనుము, వీధిలోనున్నచో రొమ్ముమీది లింగమును అరచేత కప్పి, మెల్లగా ఊపిరి పీల్చుచు పంచాక్షరిని జపింపుము. సిగరెట్టు పట్టిన చేతికి పని కావలెను గదా.

ఒక సోమవారము నిర్ణయించుకొంటిని. ముందురాత్రి పెట్టెలు, అగ్గిపెట్టె, బూడిదపళ్లెము బయట పారవైచితిని. ఇంట అందరికి చెప్పితిని. మొదటి మూడు దినములు మిక్కిలి కఠినము: నిద్రలేమి, చిరాకు, ఆకలి. మూడు నాలుగు వారములకు చాలవరకు సర్దుకొన్నవి. నిద్రలేచిన అరగంటలోపే కాల్చువారికి ఈ బాధ అధికముగా నుండును. అట్టివారు వైద్యుని కలిసి నికోటిన్ బిళ్లలో, మందులో తీసికొనుట తప్పు కాదు. జ్వరమునకు మందు మ్రింగి, దీనికి మాత్రము నిష్ఠ చాలుననుట అహంకారమే. 1800 11 2356 అను ప్రభుత్వ ఫోను నంబరులో ఉచితముగా సలహా చెప్పుదురు. మానిన ఏడాదికి గుండెజబ్బు భయము, త్రాగువానికున్న దానిలో సగమునకు తగ్గునని వైద్యుల మాట.

బీడీ ఆకుచుట్ట గనుక హానిలేదనుట భ్రమ. శ్రీకాకుళము, విశాఖ తీరములలో స్త్రీలు నిప్పును నోటిలోపల ఉంచి త్రాగు అడ్డపొగ అంగిలికి పుండ్లను, క్యాన్సరును తెచ్చిపెట్టుచున్నది. నిజామాబాదు ప్రాంతమున బీడీలు చుట్టి పొట్టపోసికొను తల్లులను మాత్రము నిందింపరాదు. వారికి వేరొక కాయకము చూపువారెవరు?

రెండేండ్ల తరువాత ఒక పెండ్లిలో "ఒక్కటే గదా" అని తీసికొంటిని. సాయంకాలమునకు పెట్టె ఖాళీ. ఈసారి లింగమును తీయలేదు, దాచలేదు. ఆ రాత్రియే భార్యకు చెప్పితిని. మరునాటినుండి మరల మొదటి దినమని లెక్కించితిని. పూజ మానలేదు. తప్పినవానిని "ఇంక నీకు లింగపూజ ఎందుకు" అని ఇంటివారు దెప్పుటయు, మఠములో ముఖము త్రిప్పుకొనుటయు నేను చూచితిని. అట్టివాడు మరల చాటునకే పోవును. తప్పినవాడు ఏ దినముననైనను వచ్చి చెప్పుకొనుటకు మన మఠములలో ఒక తలుపు తెరచియుంచవలెనని స్వాములవారిని ప్రార్థించుచున్నాను.

సిగరెట్టు పైకమును ప్రతిదినము ఒక డబ్బాలో వేయుచున్నాము. గత జాతరకు ఆ సొమ్ముతో దాసోహమునకు రెండు బస్తాల బియ్యము వచ్చినవి. డబ్బాకు నా భార్య తాళము వేసి, తాళపుచెవి తనయొద్దనే ఉంచుకొన్నది.