కురుమూర్తి స్వామి ఉద్దాలు, మన మెడలో బ్యాడ్జి



ఈ వారం వీడియోలో కర్మయోగం గురించి మాట్లాడుకున్నాం కదా. టైం సరిపోక ఒక సంగతి సగంలోనే ఆపేశాను. అది ఇక్కడ పూర్తిగా రాస్తున్నా. కొంచెం పొడుగ్గా ఉంటుంది, మెట్రోలో కూర్చున్నప్పుడు తీరికగా చదవండి.

"పెద్ద కంపెనీల పని ఎట్లుంటదన్నా?" అని మా మహబూబ్‌నగర్ తమ్ముళ్లు అడుగుతుంటరు. చాలాసార్లు ఆ ప్రశ్న వెనక అసలు ప్రశ్న ప్యాకేజీ ఎంత అని. తప్పేం లేదు, ఇంజనీరింగ్ ఫీజు అప్పు చేసి కట్టిన ఇండ్లల్లో అదే ముందు గుర్తొస్తది. కానీ కొందరు నిజంగానే తెలుసుకుందామని అడుగుతరు. వాళ్లకు నేను ఇట్ల చెప్తాను.

పొద్దున స్టాండప్ కాల్. నిన్న ఏం చేశావు, ఇయ్యాల ఏం చేస్తావు. తర్వాత వేరేవాళ్లు రాసిన కోడ్ చదవాలె, మనం రాసింది వేరేవాళ్లు చదవాలె. కొన్ని వారాలకోసారి ఆన్‌కాల్ వస్తది. అప్పుడు రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి కూర్చోవాలె. జీతం మంచిదే, క్యాంటీన్ మంచిదే, పక్కసీటు వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లు. ఇవన్నీ నిజమే. అయితే ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. మనం చేసే పని చాలా చిన్నది. కోట్లమంది వాడే యాప్‌లో ఒక మూలన, పేమెంట్ ఫెయిలైతే మళ్లీ ఎన్ని సెకన్లకు ప్రయత్నించాలి అనే ఒక్క ముక్క మీద నాలుగు నెలలు కూర్చున్నాను. "ఏం జేస్తవ్ బిడ్డా ఆఫీసుల?" అని మా అమ్మ అడిగితే చెప్పడానికి నోరు రాలేదు. మా నాయిన వేసిన వరి కంటికి కనిపిస్తది. నాది కనిపించదు.

ఇది మొదటి బాధ. రెండోది మీకందరికీ తెలుసు. 2022 నవంబర్‌లో మెటా 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10 వేలు, గూగుల్ 12 వేలు, అమెజాన్ 18 వేలు పైచిలుకు అని ప్రకటించాయి. ఈ కంపెనీలన్నిటికీ మన హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. అమెజాన్ అయితే తన అతిపెద్ద క్యాంపస్ భవనాన్ని 2019లో ఇక్కడే తెరిచింది. పేర్లు విన్నప్పుడు దూరం లెక్క అనిపించినా, దెబ్బ మన అపార్టుమెంటు లిఫ్టులో కూడా తెలిసింది.

ఇలాంటప్పుడే గీత బయటికి తీస్తరు. "పని చేయి, ఫలం ఆశించకు" అని. నాకు తెలిసిన ఒక టీంలో ఒక మేనేజరు హైక్ అడిగిన పిల్లలకు ఇదే చెప్పాడట! నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆయన బోనస్ మాత్రం ఆయన తీసుకున్నాడు మరి. కృష్ణుడు ఆ మాట చెప్పింది జీతం ఎగ్గొట్టడానికి కాదు. మూడో అధ్యాయం కొంచెం ఓపికగా చదవండి. పనిని యజ్ఞం అంటాడు. యజ్ఞంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంటుంది. ఇవ్వకుండా తినేవాణ్ణి దొంగ అన్నది కూడా అక్కడే. ఆ మాట ఉద్యోగికి ఎంత వర్తిస్తుందో యజమానికీ అంతే వర్తిస్తుంది. న్యాయమైన జీతం అడగడం ఫలాపేక్ష అని ఎవరన్నా చెప్తే, వినయంగానే, కాదని చెప్పండి.

పద్దెనిమిదో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. మనిషి తన పనితోనే ఈశ్వరుణ్ణి అర్చించవచ్చని. ఎవరిని అర్చించాలో చూడండి. ఈశ్వరుణ్ణి. కంపెనీని కాదు. మన తరం తడబడేది సరిగ్గా ఇక్కడే అని నా అభిప్రాయం. పూజ చేయడం మనం మానలేదు. దేవుడి స్థానంలో వేరేదాన్ని కూర్చోబెట్టాం. బ్యాడ్జి బొట్టు లెక్క అయ్యింది. రేటింగ్ ప్రసాదం లెక్క అయ్యింది. కంపెనీ మంచిదే కావచ్చు, కృతజ్ఞత ఉండాలి, ఒప్పుకున్న పని నిజాయితీగా చేయాలి. కానీ అది ఒప్పందం. మూడు నెలల నోటీసుతో తెగిపోయే ఒప్పందం. మనం ఆత్మ తీసుకుపోయి అక్కడ పెడితే, తెగిన రోజు ఆత్మే తెగినట్టు ఉంటది.

మా పాలమూరు వాళ్లకు ఈ సంగతి కొత్తగా నేర్పనక్కర్లేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యాం అది, 26 గేట్లు. ఆ రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు లేబర్ ఉన్నారు. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి ముందే అడ్వాన్సు ఇచ్చిపోతడు. ఆ పైసలు పెండ్లికో, పాత అప్పుకో అయిపోతయి. ఇగ మొగుడు పెండ్లాలు ఇద్దరూ పిల్లల్ని, ముల్లెను ఎత్తుకొని ఆయన వెనక పోవాల్సిందే. ఏ రాష్ట్రంల డ్యాం కడితే ఆ రాష్ట్రానికి. మన ఈఎంఐ కూడా ఒక రకం అడ్వాన్సే అని నాకప్పుడప్పుడు అనిపిస్తది, అయితే ఏసీ గదిలో కూర్చొని ఆ పోలిక మరీ లాగడం బాగుండదు. వాళ్ల కష్టం వేరు.

ఒక్క ముక్క మాత్రం ఆలోచించండి. సాగర్ కాలువల నీళ్లు నల్లగొండకు, ఖమ్మంకు, కింద కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలకు పోయినయి. పాలమూరు చేన్లకు రాలేదు. రాయి మోసిన చేతులకు ఆ నీళ్లతో పండిన గింజ దక్కలేదు. ఏ రాయి ఎవరు పెట్టారో ఎక్కడా రాసి లేదు. (మనకు నయం. ఏ లైను ఎవరు రాశారో గిట్ పదేండ్ల తర్వాత కూడా చెప్తది, బగ్ వచ్చినప్పుడు మరీ గట్టిగా చెప్తది.) ఆ పని చిన్నదా? డ్యాం నిలబడే ఉంది కదా. అయితే "పేరు లేకున్నా పర్లేదు, ధర్మమే" అని నేను తేలిగ్గా అనలేను. వాళ్లకు అన్యాయం జరిగింది. పని పవిత్రమైనదే, జరిగింది అన్యాయమే. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. భక్తి పేరుతో రెండోదాన్ని దాచిపెట్టకూడదు.

ఇప్పుడు కురుమూర్తికి వద్దాం. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో కొండ మీద వెలసిన వేంకటేశ్వరుడు. ఆ స్వామి కథ మా వైపు ఇట్ల చెప్పుకుంటరు. పెండ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక, ఆ బాధతో స్వామి తిరుమల విడిచి ఉత్తరం దిక్కు నడుచుకుంటూ వచ్చాడట. కృష్ణ ఒడ్డుకు చేరేసరికి కాళ్లు కందిపోయినయట. కృష్ణమ్మ చూసి పాదుకలు ఇచ్చిందట. అవి తొడుక్కొని వచ్చి ఈ కొండ మీద ఆగాడట. హోమ్ లోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ దేవుడు దగ్గరివాడే అని నేను సరదాగా అంటుంటా. కానీ ఆలోచిస్తే సరదా కాదు. పాలమూరు జనం తమ దేవుణ్ణి అప్పులవాడిగా, వలసపోయేవాడిగా చూసుకున్నరు. అప్పు ఉన్నందుకు, ఊరు విడిచినందుకు ఆయన దేవుడు కాకుండా పోలేదు.

దీపావళి తర్వాత అక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతయి. అందులో పెద్ద ఘట్టం ఉద్దాల సేవ. ఉద్దాలంటే స్వామివారి పాదుకలు. దగ్గర్లోని వడ్డెమాన్ ఊర్లో చర్మకార దళిత కుటుంబాల వాళ్లు నియమంగా ఉంటూ వాటిని తయారు చేస్తరు. అక్కడి నుంచి ఊరేగింపుగా కొండకు తీసుకొస్తరు. జనం ఎగబడి ఆ ఉద్దాలను తల మీద పెట్టించుకుంటరు. ఏ చేతుల్ని ఊరు దూరం పెట్టిందో, ఆ చేతులు కుట్టిన చెప్పులు నెత్తిన పెట్టుకుంటేనే జాతర!

ఆ కుట్టే మనిషిని తలుచుకోండి. తోలు కోయాలె, దారం లాగాలె. ఆ చెప్పు తొడిగే పాదం ఆయన కంటికి కనపడదు. అయినా ఆ పాదం కోసమే కుడుతున్నా అన్న ఎరుక ఉంటది కాబట్టి కుట్టు వంకర పోనియ్యడు. నా పేమెంట్ ముక్క గురించి నేను తర్వాత ఆలోచించింది ఇదే. అటు చివర ఎవరున్నరు? నల్లగొండ బస్టాండ్‌లో టికెట్ తీసుకుంటున్న ఒక అవ్వ ఉండొచ్చు. పైసలు కట్ అయ్యి టికెట్ రాకపోతే ఆమె ఎవరిని అడగాలె? నాకు ఆమె ఎప్పటికీ కనిపించదు. ఆమెలో ఉన్న నారాయణుడు కూడా కనిపించడు. కుట్టు మాత్రం సరిగ్గా పడాలె. కంపెనీ ఏదైనా, రేటింగ్ ఏదొచ్చినా, ఈ సంబంధం మధ్యలోకి ఎవరూ రాలేరు.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ మీకు గుర్తుండే ఉంటుంది. చూపుతోనే కొంగను కాల్చిన కౌశికుడు, ధర్మం నేర్చుకోవడానికి మిథిలలో మాంసం అమ్మే మనిషి దగ్గరికి పోవాల్సి వచ్చింది. అందరూ ఈ కథలో "ఏ పనీ తక్కువ కాదు" అన్నదే చెప్తరు. నాకు నచ్చేది వేరే. వచ్చిన అతిథిని ఆ వ్యాధుడు అంగట్లో నిలబెట్టడు, ఇంటికి తీసుకుపోతడు. అంతా మాట్లాడాక, తన తపస్సు ఏంటో చూపిస్తానని ముసలి తల్లిదండ్రుల దగ్గరికి తీసుకుపోతడు. అంగడి ఎంత బాగా నడుస్తుందో చూపించలేదు.

మనవాళ్లలో ఒక తమ్ముడు ఉద్యోగం పోయాక మూడు నెలలు ఇంట్లో చెప్పలేదు. రోజూ లాప్‌టాప్ బ్యాగు వేసుకొని హాస్టల్ నుంచి బయటికి వచ్చి గుడిలో కూర్చునేవాడు. దసరాకు ఊరికి పోలేదు. బతుకమ్మ కాడ "ఎక్కడ చేస్తున్నవ్ రా?" అని అందరూ అడుగుతరని భయం. ఉద్యోగం పోవడం కన్నా ఆ ప్రశ్నే వాణ్ణి ఎక్కువ కొట్టింది. చివరికి వాళ్ల నాయినకు ఫోన్ చేసి చెప్తే, ఆయన అన్నది ఒకటే మాట. "తిన్నవా?" అని.

కాబట్టి చదువుతున్న మీలో ఎవరన్నా ఇప్పుడు ఆ స్థితిలో ఉంటే, ఈ రాత్రికే ఇంటికి ఫోన్ చేయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు, మీ టీంలో పోయినవాళ్ల నంబరు మీ ఫోన్‌లో ఉందో లేదో చూసుకోండి. వాళ్ల పేరు గ్రూపులోంచి తీసేసిన రోజే మనం కూడా మాట మానేస్తున్నాం. రెఫరల్ ఇవ్వలేకపోయినా చాయ్ తాగించొచ్చు. ఇంకొకటి, పండగకు ఊరికి పోయినప్పుడు పక్కింటి పిల్లగాణ్ణి మొదటి మాటగా "ఎక్కడ చేస్తున్నవ్" అని అడగకండి.

ఈసారి కురుమూర్తి జాతరకు మన ఛానల్ తరఫున పోదామని అనుకుంటున్నాం. దీపావళి అయ్యాక, ఉద్దాల సేవ రోజు ఆదివారం కాకపోయినా సరే, ఒక లీవు పెట్టుకోండి. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సులు బాగానే ఉంటయి, దాదాపు వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి జాతర బస్సులు దొరుకుతయి. రైలు ఇష్టమైతే కురుమూర్తి పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. తేదీ ఖాయం కాగానే వీడియోలో చెప్తాను. వచ్చేవాళ్లు వడ్డెమాన్‌కు పొద్దున్నే చేరేటట్టు చూసుకోండి, ఉద్దాలు బయలుదేరేది అక్కడి నుంచే.

జై కురుమూర్తి స్వామి.